చెరి సగం అద్దె: హనుమకొండలో ఒక విడుదల పిటిషను

ఈ కేసు గురించి రాయడానికి నా క్లయింటు రెండు షరతుల మీద ఒప్పుకున్నారు. పేరు వద్దు, మారుపేరు కూడా వద్దు అన్నది మొదటిది. "ఏ పేరు పెట్టినా ఆ పేరు గల మనిషి ఎక్కడో ఉంటుంది కదా మేడమ్, ఆమెకెందుకు ఈ మాట" అన్నారు. చదివినవాళ్లు అయ్యో పాపం అనేలా రాయకూడదన్నది రెండోది. మొదటిది పాటించడం సులువే. రెండోదాని కోసం ఈ రాతను రెండుసార్లు తిరగరాశాను. ఊళ్లు, వయసులు, పిల్లల వివరాలు గుర్తుపట్టకుండా మార్చాను. కోర్టులో జరిగిన క్రమం, దానికి వర్తించిన చట్టం మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి.

నేను జిల్లా న్యాయసేవాధికార సంస్థ ప్యానెల్‌లో న్యాయవాదిని. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏ స్త్రీకైనా ఉచిత న్యాయసహాయం దొరుకుతుంది. అక్రమ రవాణా బాధితులకూ, సంరక్షణ గృహాల్లో ఉంచిన వారికీ ఆ హక్కును అదే సెక్షన్ విడిగా కూడా చెప్పింది. అయినా సెక్స్ వర్కర్లు తమంతట తాము మా కార్యాలయం మెట్లెక్కడం చాలా అరుదు. ఈ కేసు కూడా అలా రాలేదు. ఎయిడ్స్ నియంత్రణ ప్రాజెక్టులో పీర్ ఎడ్యుకేటర్‌గా, అంటే తోటివారికి ఆరోగ్య జాగ్రత్తలు చెప్పే కార్యకర్తగా పనిచేసే ఒకామె, న్యాయసహాయం కావలసినవారిని మా దాకా చేర్చే మా పారాలీగల్ వాలంటీరుకు ఫోను చేశారు. "మా మనిషిని హైదరాబాద్ వైపు తీసుకెళ్లారు. ఎక్కడ పెట్టారో తెలియదు. ఐదు రోజులైంది" అని.

ఆ రాత్రి

2023 డిసెంబరు. హనుమకొండ బస్టాండు నుంచి నడిచి వెళ్లగలిగే దూరంలో రెండు గదుల అద్దె ఇల్లు. అందులో ఇద్దరు స్త్రీలు ఉండేవారు. నా క్లయింటుకు 36 ఏళ్లు, జగిత్యాల వైపు పల్లె. చిన్నప్పటి నుంచి బీడీలు చుట్టారు. భర్త దుబాయి వెళ్లి రెండేళ్లు డబ్బు పంపి, ఆ తర్వాత నంబరు మార్చేశారు. కంపెనీ వాళ్లు ఆకు, తంబాకు ఇచ్చే రోజులు నెలలో సగానికి పడిపోయాక ఆమె ఇద్దరు పిల్లలతో హనుమకొండ చేరారు. కూతురు గురుకులంలో ఇంటర్ రెండో సంవత్సరం. కొడుకు సంక్షేమ హాస్టల్లో ఉండి ఎనిమిదో తరగతి చదువుతున్నాడు, ఆదివారాలు ఇంటికి వస్తాడు. పెళ్లిళ్ల కాలంలో ఆమె ఫంక్షన్ హాళ్లలో వంటపని చేసేవారు. మూఢాల్లో ఆ పని ఉండదు. అప్పుడు ఈ పని చేసేవారు.

ఇంట్లో ఉండే రెండో ఆమె స్నేహితురాలు, ఐదేళ్లు పెద్ద. అద్దె ఒప్పందం ఆమె పేరు మీద ఉంది. నెలకు 7,000 రూపాయలు. చెరి 3,500. కరెంటు బిల్లు, గ్యాస్ బండ కూడా చెరి సగమే. ఈ లెక్కను గుర్తుంచుకోవాలి, కేసంతా దీని మీదే నడిచింది.

రాత్రి ఎనిమిదిన్నరకు పోలీసులు వచ్చారు. 1956 నాటి అనైతిక వ్యాపార నిరోధక చట్టం 15వ సెక్షన్ వారెంటు లేకుండా సోదా చేసే అధికారం ఇస్తూనే కొన్ని కట్టుబాట్లు కూడా పెట్టింది. సోదాకు కనీసం ఇద్దరు మహిళా పోలీసులు వెంట ఉండాలి. సాక్షులుగా పిలిచే పెద్దమనుషుల్లో ఒకరైనా స్త్రీ అయి ఉండాలి. దొరికిన స్త్రీలను మహిళా పోలీసు అధికారే ప్రశ్నించాలి, లేదంటే గుర్తింపు ఉన్న సంక్షేమ సంస్థకు చెందిన మహిళ ఎదుట ప్రశ్నించాలి. ఆ రాత్రి వచ్చింది ఒక్క మహిళా కానిస్టేబులు. పంచనామా మీద ఉన్నవి ఇద్దరు మగవాళ్ల సంతకాలు. ప్రశ్నలన్నీ మగ అధికారే అడిగారు, అదీ వాకిట్లో నిలబెట్టి, చుట్టుపక్కల ఇళ్ల దీపాలు వెలిగిన తర్వాత.

పంచనామా కాగితం మూడు వారాల తర్వాత నా చేతికి వచ్చింది. స్వాధీనం చేసుకున్న వస్తువులు: రెండు ఫోన్లు, 2,300 రూపాయల నగదు, 16 కండోములు. ఆ కండోములు ప్రభుత్వం ఇచ్చినవే. రాష్ట్ర ఎయిడ్స్ నియంత్రణ సంస్థ నిధులతో నడిచే ప్రాజెక్టు కార్యకర్త లెక్క రాసుకుని, సంతకం పెట్టించుకుని మరీ పంచిపెట్టినవి. ఒక శాఖ ఆరోగ్యం కోసం ఇచ్చిన వస్తువును ఇంకో శాఖ నేరానికి రుజువుగా సీలు వేసి కోర్టుకు పంపింది. దీని ఫలితాన్ని నేను చాలాసార్లు చూశాను. దాడి జరిగిన వీధిలో ఆ తర్వాత కొన్ని నెలల పాటు ఎవరూ కండోములు ఇంట్లో ఉంచుకోరు. 2022 మే 19న బుద్ధదేవ్ కర్మాస్కర్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల్లో ఈ సంగతి ఉంది. ఆరోగ్యం, భద్రత కోసం సెక్స్ వర్కర్లు వాడే వాటిని నేరంగా గానీ, నేరానికి సాక్ష్యంగా గానీ చూడకూడదని. ఆ ఆదేశం వచ్చి ఏడాదిన్నర దాటాక రాసిన పంచనామా ఇది.

అదే ఆదేశాల్లో మీడియా గురించి కూడా ఉంది. దాడుల సమయంలో బాధితులుగానైనా, నిందితులుగానైనా సెక్స్ వర్కర్ల గుర్తింపు బయటపడకుండా చూడాలని, ఫోటోలు వేయకూడదని. ఆ రాత్రి వాకిట్లో ఇద్దరు ముగ్గురు ఫోన్లలో వీడియో తీశారు. మర్నాడు "గుట్టు రట్టు" అనే మాటతో, మనందరికీ అలవాటైన ఆ శీర్షికతో వార్త వచ్చింది. ముఖాలకు కొంగులు కప్పుకుని ఉన్నారు. చీర మాత్రం కనిపిస్తోంది. కొడుకు గుర్తుపట్టింది చీరనే. హాస్టల్లో ఇంకో పిల్లవాడి ఫోనులో చూశాడు.

ఆ వార్తకు చట్టంలో మరో పని కూడా ఉంది. ఇది న్యాయవాదుల్లోనే చాలామంది గమనించరు. ఒక ఇంటిని సోదా చేస్తే వ్యభిచారం బయటపడిందని స్థానికంగా చదివే పత్రికలో వార్త వచ్చిందంటే, తన ఇంటిని అలా వాడుతున్నట్టు యజమానికి తెలుసుననే చట్టం అనుకుంటుంది. తెలియదని రుజువు చేసుకోవలసింది యజమానే. 3వ సెక్షన్‌లోని ఈ నిబంధన వల్ల పత్రికలో నాలుగు వాక్యాలు పడగానే ఇంటాయన భయపడతాడు. ఇక్కడా అదే జరిగింది. ఆ సాయంత్రానికి గిన్నెలు, పరుపులు, పిల్లల పుస్తకాల పెట్టె మెట్ల కింద ఉన్నాయి. ఆ ఇంటాయన మీద నాకు కోపం లేదు. ఆయన భయానికి చట్టమే కారణం చూపించింది.

ఒకరు బాధితురాలు, ఒకరు ముద్దాయి

ఒకే ఇంట్లో ఉన్న ఇద్దరిలో ఒకరిని పోలీసులు "బాధితురాలు" అన్నారు. ఆమె నా క్లయింటు. అద్దె ఒప్పందం ఎవరి పేరు మీద ఉందో ఆమెను ఒకటో ముద్దాయిగా చూపి, వ్యభిచార గృహం నడిపారని 3వ సెక్షన్ కింద కేసు పెట్టారు. మొదటిసారి నేరం రుజువైతే ఏడాది నుంచి మూడేళ్ల వరకు కఠిన కారాగార శిక్ష. ఇంట్లో దొరికిన మగమనిషిని వాంగ్మూలం తీసుకుని పంపేశారు.

ఈ చట్టాన్ని చదవని వారు సాధారణంగా పడే పొరపాటు ఒకటి ఉంది. వ్యభిచారం చేయడమే నేరం అనుకుంటారు. కాదు. డబ్బు తీసుకుని తన ఇష్టంతో లైంగిక సంబంధం పెట్టుకున్న వయోజన స్త్రీని అందుకే శిక్షించే సెక్షన్ ఈ చట్టంలో లేదు. ఇల్లు నడపడం, సంపాదన మీద బతకడం, మనుషుల్ని సమకూర్చడం, బహిరంగ స్థలాల దగ్గర చేయడం, పిలవడం ఇవి నేరాలు. చెప్పడానికి తేడా స్పష్టంగానే ఉంది. బతకడానికి చోటు మాత్రం మిగలదు. రోడ్డు మీద నిలబడితే 8వ సెక్షన్. అందులో స్త్రీకి మొదటిసారే ఆరు నెలల వరకు జైలు. అదే నేరం మగవాడు చేస్తే గరిష్ఠంగా మూడు నెలలే. రోడ్డు వద్దని ఇంట్లో ఉంటే, రెండో సెక్షన్‌లో వ్యభిచార గృహానికి ఉన్న నిర్వచనం ఎదురవుతుంది. వేరొకరి లాభం కోసం వాడే చోటే కాదు, ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువమంది తమ పరస్పర లాభం కోసం వాడుకునే చోటు కూడా వ్యభిచార గృహమే.

పరస్పర లాభం. అంటే చెరి సగం అద్దె.

ఈ ఇద్దరూ కలిసి ఎందుకు ఉన్నారో నేను అడిగాను. జవాబు చాలా మామూలుగా ఉంది. ఒంటరిగా ఉన్నప్పుడు ఒకసారి ఒకడు గొంతు మీద కత్తి పెట్టి మెడలోవి తీసుకుపోయాడు. పోలీసులకు చెప్పలేదు. అప్పటి నుంచి ఒకరు లోపల ఉంటే ఒకరు వంటింట్లో ఉండాలని అనుకున్నారు. చట్టం నేరంగా చూసే ఆ కలిసి ఉండటమే వాళ్లకున్న ఒకే ఒక రక్షణ.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. ఈ చట్టానికి పనే లేదని నేను అనడం లేదు. 2018లో యాదగిరిగుట్టలో పసిపిల్లలను వ్యభిచార గృహాల నుంచి పోలీసులు విడిపించినప్పుడు, వారెంటు లేకుండా తలుపు తోసే అధికారం ఎందుకు అవసరమో మనమంతా చూశాం. పిల్లల విషయంలో ఒప్పుకోవడం అన్న మాటే ఉండదు. పిల్లల కోసం ఉన్న ఆ తొందరను, ఆ బలాన్ని 36 ఏళ్ల మనిషి మీద అదే తీరులో వాడటమే నా అభ్యంతరం.

మొదట నేను చేసిన తప్పు

దాడి జరిగిన మర్నాడు ఆమెను మెజిస్ట్రేటు ముందు హాజరుపరిచి, విచారణ పూర్తయ్యే దాకా హైదరాబాద్ వైపున్న ఒక సంరక్షణ గృహానికి పంపారు. ఇక్కడి నుంచి దాదాపు 150 కిలోమీటర్లు. అక్కడ ఫోను లేదు. పిల్లలతో మాట్లాడించలేదు. చేరిన రోజు రక్తం తీశారు, ఎందుకో చెప్పలేదు. హెచ్‌ఐవి పరీక్షకు మనిషి సమ్మతి తప్పనిసరని 2017 నాటి హెచ్‌ఐవి, ఎయిడ్స్ చట్టం చెబుతుంది. ఆమెను ఎవరూ అడగలేదు.

ఇలాంటి కేసుల్లో త్వరగా విడుదల కావాలంటే అందరూ పట్టే దారి ఒకటుంది. తల్లో, తండ్రో, అన్నో వచ్చి "మా మనిషిని మాకు అప్పగించండి" అని పిటిషను వేస్తారు. ఆధార్ కార్డు, ఇంటి ఫోటో, సర్పంచి కాగితం జత చేస్తారు. కోర్టులు కూడా దాన్ని తేలిగ్గా ఒప్పుకుంటాయి. నేనూ ఆ దారే పట్టాను. పీర్ ఎడ్యుకేటర్ ద్వారా ఆమె అన్న నంబరు సంపాదించి, ఆయనతో మాట్లాడి, ఆయన పేరుతో ఏడో రోజున పిటిషను వేశాను. వేసేముందు నా క్లయింటును కలవలేదు. 150 కిలోమీటర్లు వెళ్లి రావడానికి ఒక రోజు పోతుంది, ఆ రోజు మిగిలితే ఆమె ఒక రోజు ముందు బయటికి వస్తుంది అని లెక్కవేసుకున్నాను.

తొమ్మిదో రోజున వెళ్లి విషయం చెప్పాను. ఆమె కళ్లలో వచ్చిన భయాన్ని నేను మర్చిపోలేను.

"మేడమ్, మా అన్నకు చెప్పారా?"

ఊళ్లో ఆమె బీడీల ప్రావిడెంట్ ఫండ్ డబ్బుతో కొన్న రెండు గుంటల జాగా ఉంది. అన్న దాన్ని తన పేరు మీద రాయమని నాలుగేళ్లుగా ఒత్తిడి చేస్తున్నాడు. ఆమె హనుమకొండలో వంటపని చేస్తోందని మాత్రమే ఊరికి తెలుసు. ఇప్పుడు కోర్టే ఆమెను అన్న చేతికి అప్పగిస్తుంది, ఆ కాగితం అన్న దగ్గర ఉంటుంది. "ఇక్కడ ఏడాది ఉంచుతారంటున్నారు. ఏడాదే కదా. అక్కడికి పోతే ఎన్నేళ్లో" అన్నారు.

నేను ఆమె న్యాయవాదిని. ఆమె మాట అడగకుండా ఆమె రహస్యాన్ని, ఆమె ఆస్తిని పణంగా పెట్టాను. నా ఉద్దేశం మంచిదే. దాడికి వెళ్లిన అధికారి ఉద్దేశం కూడా మంచిదే అయి ఉండవచ్చు. ఆ రోజు తిరుగు ప్రయాణంలో ఆలేరు దాటేదాకా నేను ఒక్క ఫోను కూడా ఎత్తలేదు. మర్నాడు ఆ పిటిషనును ఉపసంహరించుకుంటూ మెమో దాఖలు చేశాను. పదకొండో రోజున ఆమె పేరుతో, ఆమె సంతకంతో కొత్త పిటిషను వేశాను. అందులో అడిగింది ఒక్కటే. ఈమె వయోజనురాలు, ఈమెను ఈమెకే వదిలిపెట్టండి.

17వ సెక్షన్‌లో ఎవరికి అప్పగించాలి

విడుదలను తేల్చేది అనైతిక వ్యాపార నిరోధక చట్టంలోని 17వ సెక్షన్. దాని ప్రకారం మెజిస్ట్రేటు విచారణ జరిపించాలి. విచారణలో తెలుసుకోవలసినవి ఆ మనిషి వయసు, నడవడి, పూర్వాపరాలు. అంతేకాదు, ఆమెను తీసుకెళ్లడానికి తల్లిదండ్రులు గానీ, సంరక్షకులు గానీ, భర్త గానీ తగినవారేనా, ఇంటి పరిస్థితుల ప్రభావం ఆమె మీద ఎలా ఉంటుంది అన్నవి. ఈ విచారణ సాగే కాలంలో కస్టడీ మూడు వారాలు మించకూడదు. ఆ తర్వాత ఆమెకు సంరక్షణ అవసరమని తేలితే ఏడాదికి తగ్గకుండా, మూడేళ్లకు మించకుండా గృహంలో ఉంచమని ఆదేశించవచ్చు. నిర్ణయంలో సాయపడటానికి ఐదుగురు పెద్దమనుషుల ప్యానెల్‌ను పిలవవచ్చు, వీలైనంత వరకు అందులో ముగ్గురు స్త్రీలు ఉండాలి. ఆదేశం మీద సెషన్స్ కోర్టుకు అప్పీలు ఉంది.

ముద్దాయికి బెయిలు వస్తుంది. ఈ కేసులో ఒకటో ముద్దాయికి ఎనిమిదో రోజునే వచ్చింది. బాధితురాలు మాత్రం ఇంకా లోపలే ఉన్నారు. చట్టం కాపాడిన మనిషి కంటే చట్టం నిందించిన మనిషి ముందు ఇంటికి వెళ్లారు. ఇది ఈ ఒక్క కేసులో జరిగింది కాదు, ఆ సెక్షన్ నిర్మాణంలోనే ఉంది.

విచారణ అధికారిని నేను ముందుగా కలిశాను. జగిత్యాల వైపు ఊరికి వెళ్లి ఇరుగుపొరుగును అడగవద్దని, అడిగితే ఆ అడగడమే ఈమె బతుకును తేల్చేస్తుందని లిఖితపూర్వకంగా కోరాను. ఆమె శ్రద్ధగా విన్నారు. "మా ఫారంలో ఊరి విచారణ అనే గడి ఉంది మేడమ్, ఖాళీగా వదిలేస్తే పైవాళ్లు అడుగుతారు" అన్నారు. ఆ గడిలో ఏమి రాయాలో ఇద్దరం కూర్చుని ఆలోచించాం. చివరికి ఆమె రాసింది ఇది: గత ఆరేళ్లుగా హనుమకొండలో నివాసం, కనుక ఇక్కడే విచారించడమైనది. ఈ కేసులో ఒక అధికారి చేసిన అన్నిటికన్నా పెద్ద మేలు ఆ ఒక్క వాక్యమే అనుకుంటాను.

నేను జత చేసిన కాగితాలు: బీడీ కార్మికురాలి గుర్తింపు కార్డు, ప్రావిడెంట్ ఫండ్ నంబరు, పిల్లల చదువు ధ్రువపత్రాలు, ఫంక్షన్ హాలు వంట మేస్త్రీ ఇచ్చిన చీటీ. ఈమె మంచి మనిషి అని చూపడానికి కాదు. ఆమెకు వయసు వచ్చిందని, తన సంసారం తాను నడుపుకుంటోందని చూపడానికి.

వాదనలో నేను ప్రధానంగా ఆధారపడింది 2020 సెప్టెంబరులో బొంబాయి హైకోర్టు ఇచ్చిన తీర్పు మీద. అక్కడ ముగ్గురు వయోజన స్త్రీలను ఏడాది పాటు గృహంలో ఉంచమని మెజిస్ట్రేటు ఆదేశించారు, సెషన్స్ కోర్టు సమర్థించింది, హైకోర్టు కొట్టేసింది. వయోజన స్త్రీకి తన వృత్తిని ఎంచుకునే హక్కు ఉందని, ఆమె ఇష్టానికి విరుద్ధంగా నిర్బంధించలేరని చెప్పింది. అది మన హైకోర్టు తీర్పు కాదు, ఇక్కడి కోర్టు దాన్ని పాటించి తీరాలని లేదు. అయినా 17వ సెక్షన్‌ను ఇంత సూటిగా చదివిన తీర్పు కనుక వాడాను.

సుప్రీంకోర్టు 2022 ఆదేశాన్ని కూడా చూపాను, కానీ జాగ్రత్తగా. ఇష్టపూర్వకంగా ఈ పని చేసే వయోజనుల విషయంలో పోలీసులు జోక్యం చేసుకోకూడదని సుప్రీంకోర్టు ఆదేశించినట్టు చాలాచోట్ల రాస్తారు. ఆ మాట కోర్టు నియమించిన ప్యానెల్ చేసిన సిఫారసుల్లో ఉంది. దాని మీద కేంద్రం అభ్యంతరాలు చెప్పింది. వెంటనే అమలు చేయమని కోర్టు రాష్ట్రాలకు చెప్పినవి వేరే: లైంగిక దాడికి గురైతే వైద్య సాయం, ఇష్టం లేకుండా గృహాల్లో ఉన్న వయోజనుల కేసుల సమీక్ష, పోలీసుల ప్రవర్తన, మీడియా, కండోములు, న్యాయ అవగాహన. మన వైపు ఉన్నదాన్ని ఉన్నదానికన్నా పెద్దది చేసి చెబితే ఎదుటి న్యాయవాది అసలు పుట తెరిచి చూపిస్తారు, అప్పుడు నిజంగా ఉన్న బలం కూడా పోతుంది. మాకు కావలసిన సమీక్ష సంగతి అమలు చేయమన్న జాబితాలోనే ఉంది. నేను దాని మీదే నిలబడ్డాను.

పందొమ్మిదో రోజున మెజిస్ట్రేటు నా క్లయింటును స్వయంగా ప్రశ్నించారు.

"మిమ్మల్ని తీసుకెళ్లడానికి ఎవరు వచ్చారు?"

"ఎవరూ రాలేదండి. నేనే పోతాను."

"ఎక్కడికి?"

"బస్టాండుకు."

కోర్టు హాలులో కొందరు నవ్వారు. మెజిస్ట్రేటు నవ్వలేదు. ఇంకో రెండు ప్రశ్నలు వేసి, ఎవరూ బలవంతం చేయలేదని ఆమె చెప్పిన మాట నమోదు చేసి, సొంత పూచీకత్తు మీద విడుదల చేయమని రాశారు. దాడి జరిగిన రాత్రి నుంచి తనను మొదటిసారి "మీరు" అన్నది ఆ మెజిస్ట్రేటేనని ఆమె తర్వాత నాతో అన్నారు. గృహం నుంచి ఆరోజు ఆమెను తీసుకొచ్చిన సిబ్బంది, విడుదల కాగితం గృహం కార్యాలయానికి చేరాలని మళ్లీ వెనక్కి తీసుకెళ్లారు. ఇరవయ్యో రోజు మధ్యాహ్నం బయటికి వచ్చారు.

బయటికి వచ్చాక

ఈ భాగం ఏ తీర్పులోనూ ఉండదు.

అద్దె ఇల్లు పోయింది. కాజీపేట వైపు ఒక గది దొరకడానికి ఐదు వారాలు పట్టింది, అప్పటిదాకా పీర్ ఎడ్యుకేటర్ ఇంట్లోనే ఉన్నారు. ఫోను కోర్టు ఆస్తిగా మారింది. అందులో పిల్లల ఫోటోలు, బ్యాంకు సందేశాలు, పెళ్లిళ్ల మేస్త్రీల నంబర్లు అన్నీ ఉన్నాయి. ఫోను తిరిగి ఇప్పించడానికి వేసిన పిటిషను ఆమె విడుదల పిటిషను కన్నా ఎక్కువ కాలం నడిచింది. కొత్త ఇంటాయన ఒప్పందం రాయలేదు కాబట్టి చిరునామా రుజువు లేదు. ఇక్కడ సుప్రీంకోర్టు ఆదేశాల్లో ఒకటి నిజంగా పనికొచ్చింది. రాష్ట్ర ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ప్రాజెక్టు డైరెక్టరు ఇచ్చే ధ్రువపత్రంతో, వేరే చిరునామా రుజువు లేకుండా, వృత్తి తెలిసే గుర్తు ఏదీ కార్డు మీద పడకుండా ఆధార్ ఇవ్వాలని అందులో ఉంది.

పునరావాసం కింద కుట్టుమిషను ఇస్తామని చెప్పారు. ఆమెకు కుట్టు వచ్చు. మిషను ఇంతకుముందే ఉంది, దాడి మర్నాడు మెట్ల కింద పెట్టిన సామానులో అదీ ఉంది. ఆమె అడిగింది వేరే. కూతురి డిగ్రీ ఫీజుకు దారి చూపమని, కొడుకును వేరే హాస్టలుకు మార్పించమని. హాస్టలు మార్పు అయింది. దరఖాస్తులో కారణం "తల్లి నివాసం మారినందున" అని రాశాం. అబద్ధం కాదు.

ఫిబ్రవరిలో ఒకడు ఆ రాత్రి వీడియో తన దగ్గర ఉందని, 20,000 రూపాయలు ఇవ్వకపోతే ఊళ్లో పంచుతానని బెదిరించాడు. ఆమె మొదట నాకు ఫోను చేశారు. ఫిర్యాదు రాసి ఇద్దరం స్టేషనుకు వెళ్లాం, మొదటి రోజు తీసుకోలేదు. "ఇలాంటివాళ్లకు ఇవన్నీ మామూలే" అన్న మాట నా ఎదుటే వినిపించింది. పై అధికారికి రాతపూర్వకంగా పంపాక నమోదైంది. ఏ స్త్రీ అయినా, ఆమె ఏ పని చేసినా, తన గోప్యత మీద ఆమెకు హక్కు ఉందని సుప్రీంకోర్టు 1990లోనే మర్దీకర్ కేసులో చెప్పింది. స్టేషను బల్ల దగ్గరికి ఆ మాట ఇంకా చేరలేదు.

నన్ను అన్నిటికన్నా కలవరపెట్టిన ప్రశ్న ఆమె ఒక సాయంత్రం మా కార్యాలయంలో అడిగారు. సంపాదన మీద బతకడం నేరమనే 4వ సెక్షన్ గురించి ఎవరో ఆమెకు చెప్పారు. ఆ సెక్షన్ 18 ఏళ్లు దాటిన ఎవరికైనా వర్తిస్తుంది. కలిసి నివసిస్తున్నారని రుజువైతే చాలు, ఆ సంపాదన మీదే బతుకుతున్నారని చట్టం అనుకుంటుంది. రెండేళ్ల దాకా జైలు.

"జూన్‌లో నా బిడ్డకు పద్దెనిమిది నిండుతాయి. సెలవులకు ఇంటికి వస్తుంది. నేను వండిపెడతాను. ఫీజు కడతాను. అప్పుడు నా బిడ్డ కూడా ముద్దాయి అవుతుందా మేడమ్?"

దోపిడీదారుల కోసం, తరచుగా బలవంతపు దళారుల కోసం రాసిన సెక్షన్ అది, పిల్లల కోసం కాదు అని చెప్పాను. అయితే అక్షరాల్లో పిల్లలకు మినహాయింపు లేదు. అదీ చెప్పాను. ఆ జూన్‌లో కూతురు సెలవులకు తల్లి దగ్గరికి రాలేదు. హైదరాబాద్‌లో స్నేహితురాలి ఇంట్లో ఉంది. అలా ఉండమని తల్లే చెప్పారు.

సాక్షుల జాబితాలో మూడో పేరు

చార్జిషీటు వచ్చింది. సాక్షుల జాబితాలో మూడో పేరు నా క్లయింటుది. కేసులో బాధితురాలు కాబట్టి ఆమే ప్రాసిక్యూషన్ ప్రధాన సాక్షి. నిందితురాలు ఆమె స్నేహితురాలు. స్నేహితురాలి తరఫున మా ప్యానెల్‌లోని ఇంకో న్యాయవాది కేసు కొట్టేయమని హైకోర్టులో పిటిషను వేశారు, అది ఇంకా తేలలేదు. ఈలోగా ఇక్కడ విచారణ మొదలైంది. నా క్లయింటుకు సమన్లు వచ్చాయి.

సమన్లు పట్టుకుని వచ్చి ఆమె అడిగారు, సాక్ష్యంలో ఏం చెప్పాలి అని. సాక్షికి ఏం చెప్పాలో నేర్పడం నా పని కాదు, నేర్పను. జరిగింది జరిగినట్టు చెప్పమన్నాను.

"అద్దె ఎవరు కట్టేవారని అడిగితే?"

"ఎవరు కట్టేవారో చెప్పాలి."

"చెరి సగం."

ఆ రెండు మాటలూ నేరానికి రుజువులేనని ఆమెకు అప్పటికే తెలుసు. చట్టంలో ఉన్న నిర్వచనాన్ని ఆమెకు చదివి వినిపించింది నేనే. ఆమె తామిద్దరూ ఒకరి మీద ఒకరు ఆధారపడి బతికామని చెబితే స్నేహితురాలు వ్యభిచార గృహం నడిపినట్టు అవుతుంది. స్నేహితురాలు ఒక్కతే అద్దె కట్టిందని చెబితే అది అబద్ధం, పైగా అది స్నేహితురాలి నేరాన్ని ఇంకా పెద్దది చేసి చూపిస్తుంది. తాను ఒక్కతే కట్టానంటే అదీ అబద్ధమే, కాకపోతే ఆ అబద్ధం చెప్పడానికి ఆమె సిద్ధంగా ఉన్నారు. ప్రమాణం చేసి అబద్ధమాడితే ఏమవుతుందో చెప్పాను. విన్నారు.

మర్నాడు స్నేహితురాలే నాకు ఫోను చేశారు. "ఉన్నదే చెప్పమనండి మేడమ్. నా కోసం అది ఇరుక్కోవద్దు. పిల్లలున్న మనిషి" అన్నారు. వాయిదా రోజు ఇద్దరికీ ఒకటే. ఒకరు బోనులో నిలబడతారు, ఒకరు సాక్షి పెట్టెలో. కాజీపేట నుంచి కోర్టుకు ఒకే ఆటోలో వస్తామని, కిరాయి ఎవరు ఇవ్వాలో అప్పుడే మాట్లాడుకున్నామని చెప్పారు.